గొంగడి మామ మందలో తుంగ లేదు

ఆ రోజుల్లో నాకు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. తెలియనివన్నీ తర్వాత ఒక్కొక్కటిగా మొదలవుతాయి. అలా మొదలైన వాటిలో మొట్టమొదటిది ఒక గడ్డి. జానెడు ఎత్తుంటుంది, మూడు పలకల కాడ, కింద నల్లగా గోలీకాయంత గడ్డ. తుంగ అంటారు. ఆ గడ్డి గురించి, ఒక గొర్రెల కాపరి గురించి నేను నలుగురిలో ఒక మాట అన్నాను. ఆ మాట తప్పు. తప్పని తెలిశాక కూడా ఇరవై రెండేళ్లు నోరు మూసుకుని ఉన్నాను. ఇప్పుడు దాన్ని సరిదిద్దాలని కూర్చున్నాను కాబట్టి, చదివేవాళ్లు నవ్వుకున్నా ఫరవాలేదు గానీ మధ్యలో లేచిపోవద్దని మనవి.

నేను వనపర్తిలో పుట్టి, వనపర్తిలోనే చదివి, పొలాన్ని బస్సు కిటికీలోంచి చూసి పెరిగినవాణ్ణి. డిగ్రీ అయ్యాక, మందులు కొట్టకుండా కూరగాయలు పండించే రైతులకు తోడుగా ఉండే ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. పది రోజుల శిక్షణ, ఒక భుజం సంచీ, ఒక లావుపాటి నోటుబుక్కు, తంతే గానీ లేవని ఒక మోటారు సైకిలు ఇచ్చి గోపాల్‌పేట వైపు ఒక ఊరికి పంపారు. అక్కడ నాకు అప్పగించింది ఒక అరెకరం తోట. అది ఖాలాది. (ఆమె అసలు పేరు ఊళ్లో ఎవరూ పలకగా నేను వినలేదు. హిందువులూ ముస్లిములూ, చివరికి పాలు పోయడానికి వచ్చే ముసలాయన కూడా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవారు.) భర్త పోయాక ఆమె ఆ ఎర్రనేలను నమ్ముకుని వంకాయ, బెండ, గోరుచిక్కుడు, టమాట పండించి సంతకు తీసుకుపోయేది. బిడ్డను గద్వాలకు ఇచ్చింది. నన్ను మొదటి రోజే ‘బేటా’ అంది. నేను ఆమెను ‘లబ్ధిదారు’ అని రాసుకున్నాను.

నాకు కలుపు అంటే వల్లమాలిన ఆసక్తి. పంట మొక్కకు నీళ్లూ ఎరువూ కాపలా అన్నీ మనం చూస్తాం, అయినా అది అలుగుతుంది. ఏమీ పెట్టని కలుపు మాత్రం నవ్వుతూ పెరుగుతుంది. ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనిచ్చేది కాదు. కనబడిన ప్రతి పిచ్చిమొక్కనూ పీకి, నోటుబుక్కులో రెండు పేజీల మధ్య అదిమి, పక్కన పేరు రాసుకునేవాణ్ణి. పేర్లకు ఖాలా తోటలో కలుపు తీసే ఆడవాళ్లే నాకు దిక్కు. వాళ్లు నాకు ‘గడ్డి సారు’ అని పేరు పెట్టారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు గట్టు మీద మొండిగా పాతుకుపోయిన ఒక మొక్కను చూపించి పేరేమిటని అడిగాను. అందులో పెద్దామె తల కూడా ఎత్తకుండా, “దీన్ని సర్పంచి గడ్డి అంటరు సారు,” అంది. ఎందుకమ్మా ఆ పేరు అన్నాను. “ఒక్కసారి కూసున్నదంటే అయిదేండ్లు లెవ్వదు.” మిగతా ముగ్గురూ కొడవళ్లు పక్కన పెట్టి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను అర్థం చేసుకోకుండా, ‘స్థానిక నామం: సర్పంచి గడ్డి. ఆయుష్షు: అయిదేళ్లు’ అని నివేదికలో రాసి పంపాను. పైనుంచి జవాబు కూడా వచ్చింది, మొక్క నమూనా పంపగలరని.

ఖాలా కలుపు తీసే పద్ధతి నాకు అప్పట్లో అస్తవ్యస్తంగా కనిపించేది. శిక్షణలో మాకు చెప్పింది, పంట కానిదంతా కలుపే అని. ఆమె మాత్రం గంగపాయిలి కూరను కొంగులో వేసుకునేది (పప్పులోకి), తుమ్మిని ఒక మూలకు వదిలేసేది, గునుగును పూలపండగ దాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మిగతా గడ్డిని పీకి మళ్లీ పంట మొక్కల మొదళ్లలోనే పరిచేది. “ఇది కలుపు నివారణ కాదు ఖాలా, కలుపుతో చుట్టరికం,” అన్నాను ఒకసారి. ఆమె నవ్వి, “చుట్టాలను మొత్తం ఎల్లగొడితే ఇంట్ల ఎవలుంటరు బేటా? ఎక్కువ తినేటోళ్లనే పంపాలె,” అంది. ఇది కూడా రాసుకున్నాను గానీ, ‘రైతుకు అవగాహన లోపం’ అనే శీర్షిక కింద.

ఇక గొంగడి మామ. ఆయనకు నూరు గొర్రెలుండేవేమో. నడి ఎండాకాలంలో కూడా భుజం మీద నల్ల గొంగడి దిగేది కాదు కాబట్టి ఆ పేరు. ప్రతి ఏడూ వానలకు ముందు ఆయన ఊళ్లో వరసగా ఒక్కొక్కరి చేలో మంద కట్టేవాడు. అంటే రెండు మూడు రాత్రులు గొర్రెలను ఆ చేలోనే పడుకోబెట్టడం. తెల్లారేసరికి పేడా పంచితమూ నేలకు దక్కుతాయి. దానికి బదులు చేనుగల వాళ్లు ఆయనకు అన్నం పెట్టి, పంట ఇంటికొచ్చాక కొన్ని జొన్నలు ఇస్తారు. తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఆ వరసలో మొదటి మంద ఎప్పుడూ ఖాలాదే. ఆమె ఆయనను అన్నా అనేది, ఆయన ఆమెను చెల్లె అనేవాడు. ఆ ఊళ్లో ఆయనకున్న పరువంతా ఆ మంద వరసలోనే ఉండేది. ఎవరి చేలో ముందు, ఎవరి చేలో తర్వాత అని జనం ఆయన వెంట తిరిగేవాళ్లు.

ఆ ఎండాకాలం ఖాలా బిడ్డకు కాన్పు. ఆమె పదిహేను రోజులకు గద్వాలకు పోతూ తోటను నాకు అప్పగించింది. “అన్న వచ్చి మంద కడతడు. నువ్వేం చెయ్యకు బేటా, ఊకె చూస్తుండు చాలు,” అంది. ‘ఏమీ చేయకు’ అన్న మాటలో ఎంత జ్ఞానం ఉందో ఇరవై ఆరేళ్లవాడికి ఎలా తెలుస్తుంది? అప్పటికే మా పెద్దసారు వానాకాలంలో తోట చూడ్డానికి వస్తానని కబురు పంపాడు. నాది ఏడాది ఉద్యోగం. ఆయన మెచ్చితే అది మరో మూడేళ్లు పెరుగుతుంది. గొంగడి మామ తన వంతుకు వచ్చి రెండు రాత్రులు మంద కట్టి పోయాడు. నేల నల్లగా, మెత్తగా ఉంది. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. నేను మాత్రం ఎర్రనేలకు చెరువు మట్టి తోలితే బంగారమవుతుందని శిక్షణలో విన్న ముక్క గుర్తు తెచ్చుకుని, పక్క ఊరి నుంచి ట్రాక్టరు మాట్లాడుకుని ఎండిన చెరువులోకి దిగాను.

చెరువు నడిమధ్య మట్టి తవ్వాలంటే ట్రాక్టరు చాలా దూరం పోవాలి. ఒడ్డు దగ్గరే ఒకచోట పచ్చగా, ఒత్తుగా, దుప్పటి పరిచినట్టు గడ్డి ఉంది. చుట్టూ అంతా ఎండి పగుళ్లు పారిన కాలంలో అక్కడ మాత్రం పచ్చదనం. నా బుర్ర వెంటనే పనిచేసింది. గడ్డి ఇంత బాగుందంటే మట్టిలో అంత సారం ఉందన్నమాట! అక్కడే తవ్వమన్నాను. గట్టు మీద గొర్రెలు మేపుతున్న గొంగడి మామ అది చూసి దిగొచ్చాడు.

“సారు, గది తుంగ. గాడ తవ్వకు. జర ముందుకు పోయి నడిమిట్ల తీస్కో, గాడ నీళ్ల కింద ఉండె, గడ్డి లేదు.”

“మామా, గడ్డి బాగా మొలిచిన చోటే బలం ఉంటుంది. అది శాస్త్రం,” అన్నాను.

“శాస్త్రం నాకు తెల్వదు. గడ్డి సంగతి తెల్సు,” అన్నాడాయన. నేను ఆయన వైపు జాలిగా చూసినట్టు గుర్తు. గొర్రెలు కాసేవాడికి గడ్డి మేతగానే తెలుస్తుంది, నాకు దాని అంతరంగం తెలుసు అనుకున్నాను. రెండు ట్రాలీల మట్టి తోలించి, తోటంతా పరిపించి, ఇంకో పది పన్నెండు గంపలపాటి మిగిలితే బోరు పక్కన కుప్ప పోయించాను. ఆ కుప్పను గుర్తు పెట్టుకోండి.

ఖాలా వచ్చింది, మనుమడి సంగతులు చెప్పింది, నల్లబడ్డ నేలను చూసి, “మషాల్లా, మస్తు పని చేసినవ్,” అంది. నారు పోసింది. మృగశిర చినుకులు పడ్డాయి. వారం తిరగక ముందే వంకాయ నారు పక్కన సూదుల్లాంటి పచ్చటి మొలకలు లేచాయి. ఒకటి కాదు, పది కాదు. తెల్లారి చూస్తే నిన్న పీకిన చోట మళ్లీ. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపల ఉండిపోతుంది. అది తెలియక నేను రోజూ ఉత్సాహంగా పీకాను. ఒకరోజు ఇది ఎక్కడి దాకా పోయిందో చూడాలని ఒక్క మొక్కను పట్టుకుని తవ్వడం మొదలుపెట్టాను. కింద ఒక గడ్డ, దాని నుంచి దారంలాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, అక్కడి నుంచి రెండు దారాలు. గొలుసు. గడ్డను నలిపితే కమ్మటి వాసన. (ఇప్పటికీ ఆ వాసన వస్తే నాకు ఒకేసారి ఆనందమూ సిగ్గూ వేస్తాయి.) మోకాలి లోతు గుంతలో నేనుండగా పైనుంచి పెద్దామె గొంతు వినిపించింది: “ఖాలా, రెండో బోరు వేపిస్తున్నవా? సారు చేత్తోనే ఏస్తుండు.”

అంతటితో ఆగలేదు. నారు ఇంకా వేయని సగం మడికి ట్రాక్టరుకు కత్తుల రోటవేటర్ తగిలించి కొట్టించాను. అది గొలుసును ముక్కలు ముక్కలు చేసింది, ప్రతి ముక్కా ఒక తల్లి అయింది. ఒక తుంగ ఉన్న చోట పదిహేను రోజులకు ఒక కుటుంబం. ఖాలా ముఖంలో నవ్వు పోయింది. ఆ అరెకరమే ఆమె అన్నం. వంకాయ మొక్కలు పసుపుపచ్చగా మారి నిలబడ్డాయి. పెద్దసారు రావడానికి పది రోజులుంది.

“ఎన్నడు లేని తుంగ గిప్పుడు యాడికెల్లి వచ్చింది బేటా?” అని ఆమె అడిగింది. నిజంగా అడిగింది, నిందలా కాదు. నాకు తెలుస్తుందని నమ్మి అడిగింది. నేను నోటుబుక్కు తెరిచాను. గొర్రెల కడుపులో కొన్ని గడ్డి గింజలు అరగకుండా పేడలో బయటికొచ్చి మొలుస్తాయని అందులో ఉంది. అది నిజమే కూడా. కొన్ని రకాల గడ్డికి. తుంగకు కాదు, తుంగ గింజతో కంటే గడ్డతోనే పాకుతుంది. ఆ సంగతి వారం పాటు గుంతలో కూర్చుని కళ్లారా చూసినవాణ్ణి నేనే. అయినా, “మంద నుంచి వచ్చి ఉంటుంది ఖాలా,” అన్నాను.

ఆమె గొంగడి మామను పిలిపించింది. బోరు షెడ్డు దగ్గర కలుపు తీసే ఆడవాళ్లు, పక్క చేల రైతులు ఇద్దరు, మేము. నేను పుస్తకం చూసి, గింజలు, కడుపు, పేడ అని వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“మా తాత కాన్నుంచి ఈ ఊర్ల మంద కడుతున్నం. గొర్ల పేడల గంగపాయిలి వస్తది, గునుగు వస్తది, లేదనను. తుంగ రాదు,” అన్నాడు. తర్వాత నావైపు చూడకుండా ఖాలాతో అన్నాడు: “చెల్లె, తోలిన మట్టి యాడిదో సారును అడుగు.”

ఖాలా నావైపు తిరిగింది. “యాడిది బేటా?”

“నడిమిట్లది ఖాలా,” అన్నాను. “నీళ్ల అడుగుది. అక్కడ గడ్డే ఉండదు.”

ఒక్క మాట. నా ముఖం చూసి ఆ మాట నమ్మారో, నా చేతిలో పుస్తకం చూసి నమ్మారో తెలియదు. గొంగడి మామ నన్ను చూశాడు. నేను పుస్తకాన్ని చూశాను. ఆయన గొంగడి దులిపి భుజం మీద వేసుకున్నాడు. “వచ్చే ఏడు మంద వద్దులే అన్నా,” అంది ఖాలా, నేల చూపులు చూస్తూ. పక్క చేల రైతులు ఇంటికి పోయి ఆ మాటే చెప్పుకున్నారు. మరుసటి ఎండాకాలానికి ఊళ్లో ఎవరూ ఆయన వెంట తిరగలేదు. ఆయన మందను తోలుకుని బీచుపల్లి అవతల, కృష్ణ దాటి, తెలియని ఊళ్లలో చేను చేనుకూ పోయి తనే అడుక్కోవలసి వచ్చిందని తర్వాత విన్నాను.

బోరు పక్కన కుప్ప సంగతి ఇప్పుడు. పంచాయితీ అయిన నాలుగో రోజు చేతులు కడుక్కోవడానికి పోతే ఆ మట్టికుప్ప నిండా పచ్చటి సూదులు. అక్కడ గొర్రె కాలు పెట్టలేదు, పేడ ముక్క పడలేదు. వట్టి చెరువు మట్టి. దాని సాక్ష్యం అంత స్పష్టంగా ఏ కోర్టులోనూ ఉండదు. మంచి మనిషైతే పరుగెత్తి ఖాలాను పిలిచేవాడు. నేను చుట్టూ చూసి, గంప తెచ్చుకుని, ఆ మట్టినంతా ఎత్తి బాట పక్క గుంతలో పోశాను. పదకొండు గంపలు. ఏడో గంప దగ్గర పెద్దామె ఎదురుపడి, “ఏంది సారు, గిట్ల మట్టి మోస్తున్నవ్?” అంది. కసరత్తు అన్నాను. “చెయ్యి చెయ్యి. పెండ్లి కావాలె గద,” అని ఆశీర్వదించి పోయింది. (ఆ బాట పక్క గుంతలో తుంగ ఇవాళ్టికీ ఏపుగా ఉంటుంది. నేను ఊరికి చేసిన ఏకైక శాశ్వత సేవ అది.)

పెద్దసారు వచ్చి చూశాడు. మంద వల్ల వచ్చిన కలుపు గురించి నేను చెప్పింది ఆయనకు నచ్చింది, నా పరిశీలనను మెచ్చుకుని ఉద్యోగం పెంచాడు. తోటను బాగుచేసింది మాత్రం ఖాలా. నన్ను ఇక ఏదీ పీకనివ్వలేదు. “తుంగను వానల ముట్టొద్దు. ఎండల కాల్చాలె, నీడల ముంచాలె,” అంది. మండుటెండల్లో నేల తడి లేకుండా దున్నించి, పైకొచ్చిన గడ్డలను ఏరి ఎండబెట్టింది. వానలు రాగానే ఆ మడి నిండా బొబ్బర్లు ఒత్తుగా వేసి తుంగకు వెలుతురు అందకుండా చేసింది. కూరగాయల వరసల మధ్య జొన్న సొప్ప మందంగా పరిచింది. మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లు సంతకు తీసుకుపోయే ఆమె గంప సగమే నిండేది. నేను పక్కనే ఉండి అంతా రాసుకుని, ‘తుంగ నివారణలో రైతు అనుభవం’ అని నివేదిక పంపాను. ఈసారి శీర్షికైనా సరిగ్గా పెట్టాను.

తర్వాత ఉద్యోగాలు మారాయి, నాగర్‌కర్నూలు, కల్వకుర్తి తిరిగి చివరికి వనపర్తికే వచ్చాను. పోయిన చలికాలంలో మా ఇంటి వెనుక నాలుగు మళ్లు చేసి వంకాయ పెట్టుకుంటుంటే, కొని తెచ్చిన మొక్క కుండీలోంచి ఒక మూడు పలకల కాడ లేచింది. దాన్ని చూసి అక్కడే కూర్చుండిపోయాను. మరునాడు బండి తీసి ఆ ఊరికి పోయాను.

ఖాలా ఇంకా తోటలోనే ఉంది, నడుము వంగింది. చాయ్ ఇచ్చింది. నేను చెరువు ఒడ్డు, కుప్ప, పదకొండు గంపలు అన్నీ చెప్పాను. ఆమె గ్లాసు అంచు తుడిచింది. “నా నోటితోని అన్నను వద్దన్న,” అంది. అంతే అంది. తర్వాత ఫోను తీసి గొంగడి మామను పిలిచింది. ముసలాయన వచ్చాడు. గొంగడి మారినట్టుంది గానీ భుజం మీదే ఉంది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పి, తప్పయింది మామా అన్నాను.

“గింత మెల్లగ చెప్తున్నవేంది?” అన్నాడాయన.

నేను మళ్లీ చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆనాడు పుస్తకం పట్టుకొని అందర్ల చెప్పినవ్. గిప్పుడు షెడ్డు చాటుకు చెవుల చెప్తున్నవ్. నాకు చెప్పుడెందుకు, నాకు తెల్సు గద. తెల్వనోళ్లకు చెప్పు.”

ఖాలా పక్క చేల నుంచి మనుషులను పిలిచింది. ఆనాటి రైతుల్లో ఒకాయన లేడు, ఆయన కోడలు వచ్చింది. పెద్దామె వచ్చింది. అందరి ముందూ నిలబడి గొంతెత్తి చెప్పాను. చెప్పడం అయ్యాక పెద్దామె, “అయితే గా దినం కసరత్తు కాదన్నట్టు,” అంది. ఎవరో నవ్వారు. గొంగడి మామ నవ్వలేదు. “ఊరు దాటి గూడ పోయింది ఆ మాట. రాస్తవు గద నువ్వు, రాయి,” అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయనకు చదవరాదు. ఎవరైనా చదివి వినిపిస్తారని నా ఆశ. మంద కట్టడానికి మళ్లీ వస్తావా అని ఖాలా అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు. ఎండాకాలం రానీ చెల్లె, అన్నాడు. వచ్చాడు, మొదటి మంద ఆమెదే కట్టాడని విన్నాను.

వానలకు ముందు మా ఇంటికి ఆ ఊరి ఆటోలో ఒక సంచి వచ్చింది. గొర్రెల ఎరువు. తెచ్చినవాడు, “తుంగ వస్తే చెప్పమన్నడు,” అని మాత్రం చెప్పి పోయాడు. మా ఆవిడ సంచి వాసన చూసి, ఇందులో గడ్డి గింజలు ఉంటాయేమో అంది. ఉంటాయి, మొలిస్తే పప్పులో వేసుకుందాం అన్నాను. ఒక మడిని శుభ్రంగా తవ్వి, అందులో ఆ ఎరువు ఒక్కటే వేసి, చినుకులు పడ్డాక రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటున్నాను. గంగపాయిలి వచ్చింది, రెండుసార్లు వండుకున్నాం. గునుగు నాలుగు మొక్కలు వచ్చాయి, పండగ దాకా ఉంచాలి. ఇంకేదో పేరు తెలియనిది ఒకటి వచ్చింది. తుంగ ఒక్కటి కూడా రాలేదు. నిజం చెప్పాలంటే, ఒక్క మొక్క కనబడినా నా మనసు ఎంతో కొంత తేలికపడేది. ఆ ఆశతోనే నలభై ఎనిమిదేళ్ల గడ్డి సారు ఇవాళ కూడా మడి అంతా వెతికాడు.